చేప కంటితో చూడాలని: ఈగ గాలం, కెమెరా, ఒక గాజు తొట్టి

జనవరి 19, 2025, ఆదివారం – రాజమహేంద్రవరం

కిందటి అక్టోబరులో హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ నది దగ్గర తీసిన ఫోటో ఒకటి మూడు నెలలుగా నా మనసులోంచి పోవడం లేదు. పోలరైజర్ ఫిల్టరు తిప్పి, నీటి మీది తళతళ తగ్గించి తీసినది. పైన, చేపకు ఎరగా నేను ఈకలతో కట్టిన ఈగ తేలుతోంది. దానికి జానెడు కింద ఒక బ్రౌన్ ట్రౌట్ చేప తోక వంచి వెనక్కి తిరుగుతోంది. అంతకు క్షణం ముందే అది అడుగు నుంచి లేచి వచ్చింది, ఈగను చూసింది, వద్దనుకుంది. ఆ ఒక్క రోజే అలా ఏడుసార్లు జరిగింది.

ఆ ఈగ నా చేతిలో ఎంతో ముచ్చటగా ఉండేది. కానీ చేప దాన్ని నా చేతిలో చూడలేదు కదా. కింద నుంచి, నీళ్ళలోంచి చూసింది. అక్కడి నుంచి ఏం కనిపించిందో నాకు తెలియదు. తెలుసుకోవాలన్నదే ఈ ప్రాజెక్టు: ఇంట్లో ఈగలు కట్టడం, వాటిని చేప చూసే దిక్కు నుంచి ఫోటో తీయడం, ఆ ఫోటోలు చూసి ఈగల్ని మార్చడం, ఏప్రిల్లో మళ్ళీ తీర్థన్‌కు తీసుకెళ్ళడం.

ఫ్లై ఫిషింగ్, అంటే ఈగ గాలంతో చేపలు పట్టడం, ఎరగనివాళ్ళ కోసం ఒక్క మాట. మామూలు గాలంలో బరువు ఎరకో, దారానికి కట్టిన సీసపు గుండుకో ఉంటుంది. విసిరితే బరువు ముందు పోతుంది, దారం దాని వెంట పోతుంది. ఇక్కడ అంతా తలకిందులు. ఈకలు చుట్టిన కొక్కేనికి బరువే లేదు. బరువంతా లావుపాటి లైనుది. కర్రతో ఆ లైనును గాలిలో వెనక్కీ ముందుకీ ఆడించి, ఉచ్చులా విప్పి నీటి మీద పరిస్తే, దాని చివర సన్నటి నైలాన్ లీడరు, లీడరు చివర ఈగ పువ్వు రాలినట్టు వాలాలి. నాది తొమ్మిదడుగుల కర్ర, ఐదో నంబరు లైను. నాలుగు ముక్కలుగా విడదీస్తే కర్ర రైలు బెర్తు కింద పట్టేస్తుంది.

జనవరి 26, ఆదివారం – మావయ్య వాళ్ళ ఊరు

ఈకల కోసం భీమవరం పక్కనున్న మావయ్య ఊరు వెళ్ళాను. సంక్రాంతి అయిపోయింది కాబట్టి కోళ్ళ మీద ఆరాటం తగ్గింది. "కోడి వద్దు, కూర వద్దు, ఈకలు కావాలా అల్లుడూ?" అని మావయ్య ఆశ్చర్యపోయాడు గానీ, కోసిన పుంజుల మెడ తోళ్ళు రెండు ఆరబెట్టి దాచి ఉంచాడు. ఒకటి డేగది, ఎర్రటి గోధుమ రంగు. ఇంకొకటి బూడిద రంగు మీద నల్ల చారలున్న పుంజుది. ఆయన వాటి రంగుల పేర్లు చెబుతుంటే నేను రాసుకున్నాను: డేగ, కాకి, సేతు, నెమలి, మైల. కోడిపందేలంటే నాకు ఇష్టం లేదు. కానీ పుంజు ఈకను ఇంత తేడాగా, ఇంత శ్రద్ధగా చూసి పేరు పెట్టిన భాష మనదని మాత్రం ఆ రోజు గట్టిగా అనిపించింది. ఈగలు కట్టేవాళ్ళకు కావలసిన చూపు సరిగ్గా అదే.

పుంజు మెడ ఈకే ఎందుకంటే, దాని పోగులు బిరుసుగా ఉంటాయి. కొక్కెం చుట్టూ చుడితే నాలుగు వైపులా నిక్కి నిలబడి, నీటి పొర మీద కాళ్ళలా ఆని ఈగను తేలుస్తాయి. పెట్ట ఈక మెత్తన, నీళ్ళు పీల్చి మునుగుతుంది. మన దేశపు పుంజు మెడలు ఎన్నో ఏళ్ళుగా విదేశాల్లో ఈగలు కట్టేవాళ్ళకు పరిచయమే; వాళ్ళ కొట్లలో 'ఇండియన్ నెక్' అని అడిగితే ఇస్తారు. మనం ఊళ్ళో ఊడ్చి పారేసేదాన్ని వాళ్ళు కొనుక్కుంటారు.

సబ్బు నీళ్ళలో కడిగి, నీడన ఆరబెట్టి, పురుగు పట్టకుండా కలరా ఉండలు వేసి డబ్బాలో పెట్టాను. మావయ్య పొలం గట్టున రాలిన నెమలి ఈకలు మూడు దొరికాయి. వాటి సన్నటి పోగులు ఈగ పొట్టకు చుడితే పచ్చగా, రాగిగా మెరుస్తాయి. నెమలి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షి. తనంతట తాను రాల్చిన ఈకలు తప్ప ఇంకేవీ ముట్టకూడదు, వాటినైనా దేశం దాటించకూడదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఇవాళ ఆరు ఈగలు కట్టాను. అన్నీ 'ఆడమ్స్' రకానివే. 1922లో అమెరికాలోని మిషిగన్‌లో లెనార్డ్ హాలడే అనే ఆయన మొదట కట్టిన ఈగ ఇది. ఒక ప్రత్యేకమైన పురుగును పోలి ఉండదు, కానీ చాలా పురుగుల్ని గుర్తుకు తెస్తుంది. అందుకే వందేళ్ళుగా ప్రతి ట్రౌట్ నదిలోనూ పని చేస్తోంది.

14వ నంబరు కొక్కెం, అంటే చిటికెన వేలి గోరంత. కొన దగ్గరుండే వెనక ముల్లును ముందుగా పటకారుతో అదిమేస్తాను, చేప నోట్లోంచి నొప్పి లేకుండా జారిరావాలి. కొక్కేన్ని వైస్‌లో (చిన్న బిగింపు పనిముట్టు) బిగించి, కొక్కెం కన్ను దగ్గర దారం మొదలుపెట్టి, పక్కపక్కనే ఒత్తుగా చుట్లు వేస్తూ వంపు దాకా వెళ్ళాలి. అక్కడ తోకకు పది పన్నెండు పోగులు. తర్వాత దారానికి కొంచెం మైనం రాసి, బూడిద రంగు ఉన్నిని వేళ్ళ మధ్య నలిపి దారానికే పేనాలి. ఉన్ని కనిపించీ కనిపించనంత పలచగా ఉండాలి. ఎక్కువైతే పొట్ట బొద్దింకలా ఉబ్బుతుంది. ఆడమ్స్‌కు సాధారణంగా మస్క్‌రాట్ అనే నీటి ఎలుక లాంటి జంతువు బొచ్చు వాడతారు. నేను పాత శాలువా అంచు నుంచి తీసిన ఉన్ని వాడాను. చారల ఈక కొనలు రెండు రెక్కలుగా నిలబెట్టి, చివరగా డేగ ఈక, చారల ఈక రెండూ కలిపి నిలువుగా చుట్టాలి. ఒకదాని పోగులు రెండోదాని కింద నలిగిపోకుండా, ఈకను అటూ ఇటూ కొద్దిగా ఊపుతూ తిప్పితే పోగులు తప్పించుకుని పైకి లేస్తాయి. ఈ ఊపు చేతికి రావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ముడి మీద రంగులేని గోళ్ళ రంగు ఒక్క బొట్టు.

ఆరింటినీ నల్ల గుడ్డ మీద పెట్టి, చిన్న వస్తువుల్ని దగ్గరగా తీసే మాక్రో లెన్సుతో పైనుంచి ఫోటోలు తీశాను. బాగున్నాయి. కిందటిసారి ఏడుసార్లు తిరస్కరణ ఎదుర్కొన్నవీ ఇలాగే బాగుండేవి.

ఫిబ్రవరి 9, ఆదివారం

మొదటి ప్రయత్నం పనికిరాలేదు. కానీ ఎందుకు పనికిరాలేదో అర్థం కావడంతో రోజంతా ఉత్సాహంగానే ఉన్నాను.

పాత అక్వేరియాన్ని మేడ మీద రెండు ఎత్తుపీటల మధ్య నిలబెట్టి, నీళ్ళు నింపి, ఈగను తేలేసి, కింద నుంచి గాజు అడుగు గుండా కెమెరా పైకి పెట్టాను. వచ్చిందల్లా తెల్లటి ఆకాశం, దాని మీద నల్లటి ఈగ నీడ. ఇంతేనా చేప చూసేది? కాదు.

నీళ్ళలో ఉన్న కంటికి పై లోకమంతా ఒక గుండ్రటి వలయంలోనే కనిపిస్తుంది. కాంతి గాలిలోంచి నీటిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది కాబట్టి, దిక్చక్రం నుంచి దిక్చక్రం దాకా ఉన్న ఆకాశం మొత్తం సుమారు 97 డిగ్రీల శంకువులోకి కుదించుకుపోతుంది. ఆ శంకువు నీటి పొరను కోసిన చోటే ఈ వలయం. కన్ను 20 సెంటీమీటర్ల లోతులో ఉంటే దాని అడ్డుకొలత 45 సెంటీమీటర్లు. అర మీటరు లోతున ఉంటే మీటరుకు పైనే. వలయం బయట నీటి పొర పారదర్శకంగా ఉండదు, అద్దమైపోతుంది. అందులో నది అడుగు, రాళ్ళు, ఇసుక తలకిందులుగా కనిపిస్తాయి. కొట్టుకొచ్చే ఈగ ముందు ఆ అద్దంలో కనిపించి, తర్వాతే వలయంలోకి వస్తుంది. చేప మనసు మార్చుకునేది ఆ దారిలోనే ఎక్కడో.

అడుగు గాజు గుండా నా కెమెరా చూడగలిగేది వలయాన్ని మాత్రమే. అద్దంలోంచి వచ్చే కాంతి అంత ఏటవాలుగా అడుగు గాజును తాకితే బయటికే రాదు, తిరిగి లోపలికే పోతుంది. పక్క గాజు గుండా చూస్తే ఇంచుమించు అంతా అద్దమే, వలయం అందదు. రెండూ, వాటి మధ్య అంచూ ఒకే ఫోటోలో కావాలంటే గాజు ఏటవాలుగా ఉండాలి, కెమెరా దానికి సూటిగా ఎదురుగా నిలబడాలి. కాగితం మీద గీసుకున్నాను: ఒక చివర గోడ 45 డిగ్రీల వాలుతో, పడవ ముక్కులాగా.

ఫిబ్రవరి 16, ఆదివారం

గాజు కొట్టు ఆయన నా బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నీ నిలువుగా ఉండే తొట్టే నీళ్ళ బరువుకు నిలవడం కష్టం సార్. ఇది వాలుగా అంటే అతుకు మీదే భారం పడుతుంది" అన్నాడు. లెక్క చెప్పాను. పైన 60 సెంటీమీటర్ల పొడవు, అడుగున 30, వెడల్పు 30, ఎత్తు 30. అంటే నలభై లీటర్లు, నలభై కిలోలు. ఎనిమిది మిల్లీమీటర్ల గాజు తీసుకోమన్నాడు. అంచులు సాన పట్టి ఇచ్చాడు. సిలికాన్‌తో అతికించే పని నేనే చేసుకున్నాను.

శుక్రవారం రాత్రి అతికించి, శనివారం సాయంత్రం తొందరపడి నీళ్ళు పోశాను. సగం నిండేసరికి వాలు గాజు అడుగు అతుకు దగ్గర చెమటలా మొదలై, నిమిషంలో ధారకట్టింది. ఖాళీ చేసి, ఆరబెట్టి, పాత సిలికాన్‌ను బ్లేడుతో గీకి, లోపలి మూలంతా మళ్ళీ లావుగా పూశాను. ఈసారి నాలుగు రోజులు ముట్టుకోను. సిలికాన్ పైన చర్మం కట్టినంత మాత్రాన లోపల గట్టిపడినట్టు కాదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

తొట్టి నిలిచింది. ఇవాళ్టి ఉదయం నా జీవితంలో మంచి ఉదయాల్లో ఒకటి.

నిన్న రాత్రే నీళ్ళు నింపి ఉంచాను. కుళాయి నీళ్ళు అప్పటికప్పుడు పోస్తే గాజు నిండా సన్నటి బుడగలు పడతాయి. రాత్రంతా నిలిస్తే పోతాయి. అడుగున గోదావరి ఇసుక, కొన్ని గులకరాళ్ళు. కెమెరాకూ గాజుకూ మధ్య నల్ల గుడ్డతో గొట్టంలా చుట్టి, మెరుపు లోపలికి రాకుండా చేశాను. 60 మిల్లీమీటర్ల మాక్రో, ఎఫ్ 11, సెకనులో 250వ వంతు, ఐఎస్ఓ 1600. ఫోకస్ చేత్తోనే. ఈగను సన్నటి దారంతో చాలా నెమ్మదిగా లాగుతూ వరుసగా 214 ఫోటోలు తీశాను.

మొదట అద్దం. ఇసుకా గులకరాళ్ళూ తలకిందులుగా, వెండి మెరుపుతో. అందులో ఈగ లేదు! రెక్క లేదు, పొట్ట లేదు, నేను అంత శ్రద్ధగా కలిపిన డేగ, చారల రంగులేవీ లేవు. ఉన్నవల్లా పది పదిహేను వెలుగు చుక్కలు. ఈక పోగుల కొనలు నీటి పొరను గుంట చేసిన ప్రతిచోటా ఒక నక్షత్రం. అంతే. కొక్కెం వంపు ఒక్కటి నీళ్ళలోకి వేలాడుతూ, దాని ప్రతిబింబంతో కలిసి నల్లటి సున్నాలా స్పష్టంగా కనిపించింది.

తర్వాతి ఫోటోల్లో ఈగ వలయం అంచుకు చేరువవుతుంది. అక్కడ జరిగేది నేను ఊహించనిది. ఒళ్ళు ఇంకా అద్దంలో చుక్కలుగానే ఉండగా, రెక్కల కొనలు మాత్రం విడిగా, అంచుకు పైన, గాలిలో తేలుతున్నట్టు ప్రత్యక్షమయ్యాయి. ఒళ్ళుకూ రెక్కకూ మధ్య ఖాళీ. అంచు వెంట సన్నటి ఇంద్రధనుస్సు గీత. ఈగ దగ్గరయ్యేకొద్దీ రెక్కలు కిందికి దిగుతాయి, చుక్కలు వాటికేసి జరుగుతాయి. ఒక్క ఫోటోలో, సరిగ్గా అంచు మీద, రెండూ కలిసి ఈగ అవుతుంది. 163వ ఫోటో. దాన్ని అచ్చు వేయించి గోడకు పెడుతున్నాను.

పోల్చడానికి నిజమైన పురుగును కూడా వదిలాను. రాత్రి దీపం చుట్టూ తిరిగి చచ్చిపడిన మేఫ్లై, నీళ్ళలో పుట్టి పెరిగే రెక్కల పురుగు, ఒకటి దొరికింది. దాని చుక్కలు ఆరే. వాటి మధ్య, నీటి పొరలో సగం దిగబడిన పొట్ట గీతలా స్పష్టంగా ఉంది. నా ఆడమ్స్ మునివేళ్ళ మీద నిలబడినట్టు ఎత్తున తేలుతోంది. పురుగు నీటిలో పడుకుని ఉంది. పైనుంచి చూస్తే రెండూ ఒకటే. కింద నుంచి చూస్తే ఒకదానికొకటి సంబంధమే లేదు.

మార్చి 9, ఆదివారం

రెండు వారాల్లో పదకొండు రకాలు కట్టి, పదకొండింటినీ తొట్టిలో పెట్టి చూశాను. అన్నీ రాయను. నిలిచినవి రెండు.

మొదటిది పాత ఆడమ్సే, కింది వైపు ఈక పోగుల్ని కత్తెరతో చదునుగా కోసినది. ఒక్క కత్తిరింపుతో ఈగ కిందికి దిగి పొట్ట నీటికి ఆనింది. రెండోది పారాచూట్ కట్టుబడి: ముందు ఉన్నితో తెల్లటి కంబంలా నిలబెట్టి, ఈకను కొక్కెం చుట్టూ కాకుండా ఆ కంబం చుట్టూ అడ్డంగా, గొడుగులా చుట్టాలి. పోగులన్నీ నీటి మీద చదునుగా పరుచుకుంటాయి, పొట్ట నీటి పొరలోనే ఉంటుంది. తెల్ల కంబం చేపకు రెక్కలా ఎత్తుగా కనిపిస్తుంది, దూరాన ఉన్న నాకూ కనిపిస్తుంది. చుట్లు ఆరు నుంచి మూడుకు తగ్గించాను. తక్కువ ఈక అంటే తక్కువ చుక్కలు. కొట్లో అమ్మే ఈగలు ఇంత ఒత్తుగా ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమవుతోంది. డబ్బాలో చూసేవాళ్ళ కంటికి నిండుగా కనబడాలి మరి.

మార్చి 23, ఆదివారం – ధవళేశ్వరం కాలువ గట్టు

వచ్చే నెలలో డెల్టా కాలువలు కట్టేస్తారు కాబట్టి, నీళ్ళు ఉండగానే విసరడం సాధన చేసుకోవాలని నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళాను. నాన్న చిన్నప్పటి నుంచీ ఈ గట్ల మీద వెదురు కర్ర, బెండు, వానపాము పట్టుకుని పెరిగినవాడు. నా లైను గాలిలో ఆడడం కాసేపు చూసి, "ఒరేయ్, చేపకు నీ ఈగ కంటే ముందు నీ నీడ చేరుతోందిరా. అటు పక్కకు పోయి కూర్చుని వెయ్యి" అన్నాడు.

తొట్టి ముందు నెల రోజులు కూర్చున్నవాడికి ఆ మాట నేరుగా తాకింది. వలయం అంచు దగ్గర లోకం బాగా అణిగిపోయి, మసకగా ఉంటుంది. నీటి మట్టం నుంచి పది డిగ్రీల లోపు ఎత్తున్నది చేపకు సరిగా ఆనదు. నిలబడితే నేను ఆ పది డిగ్రీల్లో దాక్కోవాలంటే పది మీటర్ల దూరంలో ఉండాలి. మోకాళ్ళ మీద కూర్చుంటే ఆరు మీటర్లకు రావచ్చు. నాన్న ఈ లెక్కలేవీ వేయలేదు, డెబ్బై ఏళ్ళుగా కూర్చునే పట్టాడు.

కెమెరా ఆయన చేతికిచ్చాను. సూర్యుడు ఎదురుగా, గట్టు చెట్ల నీడ వెనక. అప్పుడే లైను వెలుగు తీగలా కనబడుతుంది. సెకనులో 1250వ వంతు, ఎఫ్ 8, వరుస ఫోటోలు. లైను పూర్తిగా వెనక్కి విప్పుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు వేయాలి, ఆ ఆగే క్షణంలో నొక్కమన్నాను. మొదట అన్నీ ముందుగా నొక్కేశాడు. తర్వాత తనే కనిపెట్టాడు: "నీ భుజం ఆగినప్పుడు కాదురా, నీ కర్ర కొన వణకడం ఆగినప్పుడు." అప్పటి నుంచి వరుసగా తొమ్మిది ఫోటోల్లో లైను ఉచ్చు గాలిలో నిలిచింది, నీటి తుంపర ముత్యాల వరుసలా దాని వెంట. ఇన్నేళ్ళలో నేను విసురుతుండగా ఎవరూ తీయని ఫోటోలు ఇవి.

18వ నంబరు చిన్న ఈగకు పరిగెలు నాలుగు పడ్డాయి. అరచేతిలో సగం లేవు. తడి చేత్తో పట్టి, నీళ్ళలోనే కొక్కెం తీసి వదిలాను. పొడి చేత్తో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగట పొర ఊడిపోతుంది, తర్వాత రోగాలు పట్టుకుంటాయి.

ఏప్రిల్ 13, ఆదివారం – తీర్థన్ లోయ

ఢిల్లీ దాకా రైలు, అక్కడి నుంచి మనాలి దారిలో రాత్రి బస్సు, తెల్లవారుజామున ఔట్ దగ్గర సొరంగానికి ముందే దిగి బంజార్ మీదుగా గుశైణి. మత్స్యశాఖ పర్మిట్ తీసుకున్నాను. ట్రౌట్ నీళ్ళు ఇక్కడ నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా మూసి ఉంచుతారు, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి.

బ్రౌన్ ట్రౌట్ ఈ కొండల చేప కాదు, ఐరోపాది. బ్రిటిష్‌వాళ్ళు ముందు కాశ్మీర్‌కు తెచ్చారు, అక్కడి నుంచి 1909లో గుడ్లు తెచ్చి కులూ ప్రాంతంలో పొదిగించారు. ఇక్కడి సొంత చేప స్నో ట్రౌట్. వచ్చినది ఉన్నదాన్ని కొంత నెట్టేసిందన్న బాధ నాకుంది. అయినా తీర్థన్ ఇంత చల్లగా, ఇంత స్వేచ్ఛగా పారడం వల్లే ఈ రెండూ బతుకుతున్నాయి. పైన గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు, 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. కింద లార్జీ దగ్గర నీళ్ళు బియాస్‌లో కలిసేదాకా ఈ నది మీద జలవిద్యుత్ ఆనకట్టలు రాకుండా ఈ లోయ మనుషులు పోరాడి నిలబెట్టుకున్నారు. గోదావరి ఒడ్డు నుంచి వచ్చిన నాకు ఆ పోరాటం విలువ తెలుసు.

ఏప్రిల్ 14, సోమవారం

ఉదయం నీటి వేడి 8 డిగ్రీలు. గాజులా ఉంది. పదకొండు దాటాక పైన మంచు కరిగి, నీళ్ళు పాలు కలిపినట్టు మసకబారాయి. అంటే రోజుకు నాకున్నది నాలుగు గంటలు.

ముందు కర్ర తీయలేదు. చిన్న వాటర్‌ప్రూఫ్ కెమెరాను రాయికి కట్టి, అడుగున పైకి చూసేలా పెట్టి, ఎగువ నుంచి ఈగలు వదిలాను. రాత్రి గదిలో చూస్తే తొట్టి చెప్పినది సగమే నిజమని తేలింది. నది పరుగెత్తే చోట్ల అసలు వలయమే లేదు. అలలు దాన్ని వేయి ముక్కలు చేస్తున్నాయి. ఈగ ఎత్తున తేలినా, కిందికి దిగినా ఆ ముక్కల్లో తేడా తెలియదు. అలాంటి చోట పాత ఒత్తు ఆడమ్సే మేలు, మునగదు కాబట్టి. నా కొత్త ఈగలకు పని ఉన్నది ఒక్కచోటే: మడుగు చివర, నీరు సన్నబడి జారేముందు అద్దంలా పరుచుకునే నాలుగైదు గజాలు. కిందటి అక్టోబరులో ఏడుసార్లు కాదన్న చోటు అదే.

ఏప్రిల్ 15, మంగళవారం

ఇవాళ కెమెరాకు పక్షులే. బ్రౌన్ డిప్పర్ ఒకటి బండ మీద నిలబడి, ఒంటిని కిందికీ పైకీ ఊపి, చటుక్కున నీళ్ళలోకి నడిచి వెళ్ళిపోయింది. నిజంగా నడిచే, అడుగున రాళ్ళ మధ్య పురుగుల్ని ఏరుకోవడానికి. పైకి వచ్చినప్పుడు ముక్కులో మేఫ్లై పిల్ల. అదే బండ కింది రాయిని తిప్పి చూశాను. బల్లపరుపు ఒంటితో, మూడు తోకలతో అవే పిల్లలు, గోధుమ రంగువి. పక్షి నాకు ఆ రోజు మెనూ చూపించినట్టయింది. రాత్రి లాంతరు దగ్గర కూర్చుని 16వ నంబరులో అదే గోధుమ రంగుతో నాలుగు పారాచూట్లు కట్టాను. పొట్టకు డేగ ఈక కాడ.

ఏప్రిల్ 16, బుధవారం

ఉదయం తొమ్మిదిన్నర. మడుగు చివర, ఒడ్డు చెట్టు నీడ కింద, చేప పైకి లేచిన గుర్తుగా నీటి మీద గుండ్రటి అల ఒకటి పుట్టి కరిగింది. నిమిషం తర్వాత అదే చోట ఇంకొకటి. చేప పైకి దగ్గరగా ఉంది. అంటే దానికి పై లోకం కనిపించే వలయం చిన్నది, ఈగ సరిగ్గా దాని దారిలోనే రావాలి. కెమెరాను ముక్కాలిపై పెట్టి, టైమరు మీద ఐదు సెకన్లకు ఒకటి తీసుకునేలా వదిలేశాను. నేను దిగువ వైపు నుంచి మోకాళ్ళ మీద ఏడు మీటర్ల దాకా వెళ్ళాను. నీళ్ళు తొడల దాకా చల్లగా పాకాయి.

మొదటి విసురు కుడి పక్కకు పోయింది. లైను చేప మీద పడలేదు, అదే అదృష్టం. కదలకుండా అలాంటి అలలు ఇంకో మూడు లెక్కపెట్టాను. రెండోసారి తెల్ల కంబం చేపకు రెండడుగులు ఎగువన వాలి, కొట్టుకొస్తున్న ఆకుతో పాటు అదే వేగంతో జారుతూ వచ్చింది. ఇప్పుడు చుక్కలు, ఇప్పుడు రెక్క, ఇప్పుడు రెండూ కలుస్తాయి అని లోపల చెప్పుకుంటున్నాను. సరిగ్గా కలిసేచోట ఒక ముక్కు లేచి, తొందర లేకుండా, కంబాన్ని మింగి కిందికి వెళ్ళింది.

27 సెంటీమీటర్లు. వలలోనే, నీళ్ళలోనే ఉంచాను. ఒక్కసారి పైకి ఎత్తింది ఫోటో కోసం, మూడు సెకన్లు, నీళ్ళు కారుతుండగానే. పక్కలు వెన్న రంగు, ఎర్రటి చుక్కలు, ఒక్కోదాని చుట్టూ తేట నీలపు వలయం. కొక్కెం పై పెదవి మూలన ఉంది, వేలితో తాకగానే వచ్చేసింది. దాని తలను ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాను. మొప్పలు నాలుగైదుసార్లు ఆడాయి, చేతిలో బరువు ఉన్నట్టుండి మాయమైంది.

మధ్యాహ్నంలోపు అదే మడుగులో ఇంకా రెండు. ఒకటి వచ్చి చూసి తిరిగిపోయింది. ఆ తిరిగిపోయిన దాని మీదే ఇప్పుడు నా ఆలోచన. ఈసారి లీడరు నీడ పడిందేమో. కాలువ గట్టున నాన్న అన్నది మళ్ళీ గుర్తొచ్చింది.

ఏప్రిల్ 27, ఆదివారం – రాజమహేంద్రవరం

కాలువలు కట్టేశారు. తూము దగ్గర మడుగుల్లో మాత్రం నీళ్ళు నిలిచాయి. తొట్టి మేడ మీదే ఉంది, అడుగు అతుకు చెక్కు చెదరలేదు. వచ్చే వారం దాంట్లో లీడరుల నీడలు తీయాలి: తేలే లీడరు, మునిగే లీడరు, ఎండలో, మబ్బులో. మునిగిన లీడరు నీడ తక్కువ పడుతుందనుకుంటున్నాను, ఫోటోలే చెప్పాలి.

నాన్నకు ఫోటోలన్నీ కంప్యూటర్లో చూపించాను. చేప ఫోటో దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. డిప్పర్‌ను చూసి నవ్వాడు. గోడ మీద ఉన్న 163వ ఫోటో ముందు మాత్రం కళ్ళజోడు సర్దుకుని, చాలాసేపు నిలబడ్డాడు. విడిగా తేలే రెక్కల మీద వేలు పెట్టి, "ఇన్నేళ్ళూ అది మనల్ని ఇట్లా చూసిందన్నమాట" అన్నాడు.

తర్వాత నా బల్ల దగ్గర కూర్చుని, డేగ ఈక ఒకటి వేలికి చుట్టి, పోగులు నిక్కడం చూశాడు. "తూము మడుగులో పరిగెలున్నాయి. చిన్నవి రెండు కట్టివ్వు. ముల్లు అదిమేసి" అన్నాడు. రెండు కాదు, ఆరు కడుతున్నాను. మూడు అయ్యాయి.